లక్క రికార్డు నుంచి కారు సీడీ దాకా: కాకినాడ తీరంలో ధ్వనిఫలకాల సంరక్షణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: తెలుగు పద్యనాటకం, హరికథ, సినిమా పాటలు వంటి శ్రవ్యకళల చరిత్రకు ధ్వనిముద్రణలు మూలాధారాలు. గత శతాబ్దిలో ఈ ధ్వని లక్క రికార్డు నుంచి టేపుకు, టేపు నుంచి సీడీకి, సీడీ నుంచి కారులోని ప్లేయరుకు చేరింది. ఒక మాధ్యమానికి మేలు చేసిన జాగ్రత్త తరువాతి మాధ్యమానికి హాని చేసిందనీ, ఈ గొలుసులో అన్నిటికంటే బలహీనమైన కొస ఇంట్లో రాసుకుని కారులో ఉంచుకున్న సీడీ అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉప్పుగాలి, తేమ, ఎండ మూడూ కలిసే కాకినాడ తీరం ఇందుకు పరిశీలనాక్షేత్రం.

కీలకపదాలు: ధ్వనిముద్రణ, గ్రామఫోను రికార్డు, సీడీ, కారు ప్లేయరు, పద్యనాటకం, శ్రుతి, సంరక్షణ, కాకినాడ.

1. ప్రవేశిక

జయంతి రామయ్య పంతులు పూనికతో 1911లో చెన్నపట్టణంలో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తరువాతి కాలంలో కాకినాడకు తరలివచ్చింది. శ్రీసూర్యరాయాంధ్ర నిఘంటువును వెలువరించిన ఈ సంస్థ సేకరించిన తాళపత్రాలు నేటికీ ఆ నగరంలోని ప్రదర్శనశాలలో ఉన్నాయి. తాళపత్ర లేఖకులకు ఒక ఆచారం ఉండేది. గ్రంథం ముగిసిన చోట, తనను నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి కాపాడమనీ, మూర్ఖుని చేతికి ఇవ్వవద్దనీ పుస్తకమే వేడుకుంటున్నట్లు ఒక శ్లోకం రాసేవారు. గ్రంథ సంరక్షణకు సంబంధించి మన దేశంలో విరివిగా కనిపించే సూచన అదే. అందులోని ముప్పులన్నీ తాటాకుకు సంబంధించినవే కావడం గమనార్హం. నూనె మరకకు భయపడవలసింది తాటాకు; ఎండకు, గీతకు భయపడవలసింది మరొక వస్తువు. వస్తువు మారితే శ్లోకం కూడా మారాలి.

కాకినాడ కేవలం తాటాకుల ఊరు కాదు. సరస్వతీ గానసభ సంగీతోత్సవాలు, యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలు ఈ నగరానికి శ్రవ్యకళల చరిత్రలో ప్రత్యేక స్థానం కల్పించాయి. అంజలీదేవి, పి. ఆదినారాయణరావు, ఎస్.వి. రంగారావు ఈ ఊరి రంగస్థలం మీదుగా సినిమాకు వెళ్ళినవారు. 1934 నాటి 'లవకుశ' దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్యది ఈ ఊరే. నాటకం, కచేరీ ఆ రాత్రితో ముగుస్తాయి. వాటిలో మిగిలేది రికార్డు మీద గీసిన గాడి మాత్రమే. తాళపత్రానికి పరిషత్తు దొరికింది గానీ, ఆ గాడికి మాత్రం ఇంటి బీరువాయే దిక్కయింది. ఆ తరువాత కారు డ్యాష్‌బోర్డు.

2. లక్క రికార్డు: గాడి వెంట తుడుపు

గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గానాన్ని ముద్రించిన నాటి నుంచి మన దేశంలో వాణిజ్య ధ్వనిముద్రణ ఊపందుకుంది. 1908లో కలకత్తాలోనే రికార్డులు అచ్చువేసే కర్మాగారం మొదలైంది. ఆ రికార్డులకు కావలసిన లక్క మన అడవుల్లో కీటకాలు కట్టే పదార్థమే. లక్కకు రాతిపొడి, మసి కలిపి వేడిమీద ఒత్తితే నల్లని ఫలకం తయారయ్యేది. పది అంగుళాల రికార్డు ఒక పక్క సుమారు మూడు నిమిషాలు పలికేది. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల గొంతులు నాటకశాల దాటి ఇళ్ళకు చేరింది ఈ రూపంలోనే. మూడు నిమిషాల పరిమితి పద్యపఠన స్వరూపాన్నే కొంత మార్చివేసింది. రంగస్థలం మీద ప్రేక్షకుల కేకలకు అనుగుణంగా సాగదీసే రాగాలాపన రికార్డులో కుదించుకుపోక తప్పలేదు. ఇది విడిగా పరిశోధించదగిన అంశం.

ఈ రికార్డుల సంరక్షణ పద్ధతులు ఆ వస్తువు స్వభావం నుంచి పుట్టినవి. ఉక్కు ముల్లును ప్రతి పక్కకూ మార్చాలి. రికార్డులోని రాతిపొడి ముల్లును అరగదీసి గాడికి సరిపడేలా చేస్తుంది గనుక, అరిగిన ముల్లుతో మళ్ళీ వేస్తే అదే గాడిని చెక్కేస్తుంది. ఫలకాలను నిలువుగా ఉంచాలి; ఒకదానిమీద ఒకటి పేరిస్తే బరువుకు వంగుతాయి, విరుగుతాయి. దుమ్మును మెత్తని గుడ్డతో గుండ్రంగా, గాడి వెంటనే తుడవాలి. అడ్డంగా తుడిస్తే దుమ్ము గాడి అంచును గీస్తుంది. మద్యసారం తగలనీయకూడదు, లక్క అందులో కరుగుతుంది. లక్కను సారాలో కరిగించి కర్రకు మెరుగు పెట్టే వడ్రంగులకు ఈ సంగతి గ్రామఫోను రాకముందే తెలుసు.

లక్క రికార్డుకు మరో గుణం ఉంది. పగులు పడినా అది మాట్లాడుతుంది. చుట్టు చుట్టుకూ ఒక 'టక్' వినిపిస్తుంది, నిమిషానికి 78 సార్లు. పద్యం మాత్రం అర్థమవుతూనే ఉంటుంది. సీడీ స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం.

3. శ్రుతి తప్పిన సాక్ష్యం

రికార్డు నడుమ ఉన్న కాగితపు చీటీ పరిశోధకునికి పాట ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. కంపెనీ పేరు, కేటలాగు సంఖ్య, నాటకం పేరు, గాయకుని పేరు, కొన్నిటిలో రాగం పేరు ఆ చీటీ మీద ఉంటాయి. చీటీకి అంచున, ఫలకం మీదే గీసిన మాతృకసంఖ్య ధ్వనిముద్రణ జరిగిన వరుసను తెలుపుతుంది. గ్రామఫోను కంపెనీ తొలి భారతీయ రికార్డుల జాబితాను మైకేల్ కిన్నియర్ 1994లో గ్రంథరూపంలో తేగలగడానికి ఈ సంఖ్యలే ఆధారం. 1990లో ముంబైలో ఏర్పడిన సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ కృషి కూడా అటువంటిదే.

రికార్డును టేపుకు ఎక్కించినప్పుడు ఈ సమాచారం మొదటిసారి జారిపోయింది. టేపును సీడీకి ఎక్కించినప్పుడు మిగిలినదీ పోయింది. చివరికి ఫలకం మీద మార్కరుతో 'పద్యాలు – 3' అన్న మాట మిగిలింది.

ఇంకొక నష్టం చెవికి పట్టుబడదు. 1925 ప్రాంతంలో విద్యుత్ ధ్వనిముద్రణ వచ్చేదాకా రికార్డుల వేగం స్థిరంగా 78 కాదు; 70 నుంచి 80 దాటేదాకా రకరకాలుగా ఉండేది. 74 వేగంతో ముద్రించిన రికార్డును 78 వేగంతో వేసి టేపుకు ఎక్కిస్తే ధ్వని దాదాపు అర శ్రుతి పెరుగుతుంది. అంటే ఒకటిన్నర శ్రుతిలో పాడిన నటుడు రెండు శ్రుతిలో పాడినట్లు వినిపిస్తాడు. మైకు లేని రోజుల్లో మన నటులు ఎంత ఎత్తు శ్రుతిలో పాడేవారన్న చర్చ పద్యనాటక పరిశోధనలో తరచూ వస్తుంది. చేతికి వచ్చిన సీడీని విని ఆ శ్రుతిని నిర్ణయించడం తొందరపాటు. ఆ సీడీకి మూలం ఏ టేపు, ఆ టేపుకు మూలం ఏ రికార్డు, దాన్ని ఏ వేగంతో తిప్పారు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికేదాకా అది సగం సాక్ష్యమే. తాళపత్ర పాఠపరిష్కరణలో ప్రతుల వంశవృక్షం వేయడం తెలుగు పరిశోధకులకు అలవాటైన పనే. ధ్వనిప్రతుల విషయంలో ఆ అలవాటు ఇంకా రాలేదు.

4. బండి ఎక్కిన పాట

కదిలే బండిలో ఫలకాన్ని వినిపించాలన్న ప్రయత్నం సీడీతో మొదలు కాలేదు. అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1956 నమూనా కార్లలో నిమిషానికి పదహారు చుట్లకు పైచిలుకు తిరిగే ఏడంగుళాల రికార్డులతో 'హైవే హై-ఫై' అనే యంత్రాన్ని అమర్చింది. కుదుపుకు ముల్లు ఎగరకుండా ఎన్ని ఏర్పాట్లు చేసినా అది కొద్ది ఏళ్ళలోనే కనుమరుగైంది. గాడి, ముల్లు ఉన్నంతకాలం రోడ్డుకు, రికార్డుకు పొత్తు కుదరదని తేలింది. 1963లో ఫిలిప్స్ క్యాసెట్టు వచ్చాక బండిలో పాట స్థిరపడింది. వేడికి టేపు సాగినా, రీలు చిక్కుపడినా పెన్సిలుతో తిప్పి సరిచేసుకునే వీలుండేది.

తెలుగునాట వాహనానికి, ధ్వనికి ఉన్న సంబంధం సొంత కారుకన్నా ముందుది, అంతకన్నా విస్తృతమైనది. సినిమా ప్రచారానికి జీపు, ఎన్నికలకు మైకు సెట్టు కట్టిన వ్యాను, పెళ్ళికి ఊరేగింపు కారు అన్నీ ధ్వనివాహనాలే. 1974లో ఘంటసాల మరణానంతరం విడుదలైన భగవద్గీత రికార్డు క్రమంగా అంతిమయాత్ర వాహనాల్లో తప్పనిసరి అయింది. పూజగదిలో వినడానికి కొన్న శ్లోకాలు ఎదురింట్లో వినిపిస్తే ఉలిక్కిపడే స్థితి తెలుగువారికి ఏర్పడింది. ఒక ధ్వనిముద్రణ అర్థం అది వినిపించే వాహనాన్ని బట్టి ఇంతగా మారిపోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ వాహనాల్లో మొదట క్యాసెట్టు, తరువాత సీడీ, ఇప్పుడు పెన్‌డ్రైవు. మధ్యలోని సీడీ కాలం చాలా చిన్నది. అందుకే దాని చరిత్ర ఎవరూ రాయలేదు.

సీడీ 1982 అక్టోబరులో జపాను విపణిలోకి వచ్చింది. 1984 నాటికి పయొనీర్, సోనీ సంస్థలు కారు సీడీ ప్లేయర్లను తెచ్చాయి. మన ఊళ్ళలో కారు సీడీ ప్లేయరు సామాన్యమైనది మాత్రం 2000 తరువాత, ఎం.పి.3 చదవగల యంత్రాలు వచ్చాకే. మామూలు సీడీలో 74 నిమిషాల ధ్వని పడుతుంది. అంటే పాత రికార్డు పక్కలు పాతిక. 700 మెగాబైట్ల ఫలకంలో 128 కిలోబిట్ల ఎం.పి.3గా కుదిస్తే 12 గంటలు, అంటే పాత రికార్డు పక్కలు సుమారు 240 పడతాయి. ఒక బీరువాడు రికార్డులు ఒక ఫలకంలోకి వచ్చాయి. 'పాటలు ఎక్కించుకోవడం' అన్న పలుకుబడి ఆ రోజులదే. పాటలు ఎక్కాయి గానీ, కుదింపులో చెవికి అంతగా అందని అంశాలు శాశ్వతంగా దిగిపోయాయి.

5. అడ్డంగా తుడవవలసిన ఫలకం

సీడీ 1.2 మిల్లీమీటర్ల మందం గల పాలీకార్బొనేట్ బిళ్ళ. దాని పైముఖాన గుంటలు, వాటిమీద పలుచని అల్యూమినియం పూత, ఆ పూతమీద కొద్ది మైక్రాన్ల వార్నిషు, దానిమీద అచ్చు ఉంటాయి. లేజరు కిరణం అడుగునుంచి, బిళ్ళ మందాన్ని దాటి పైనున్న గుంటలను చదువుతుంది. అంటే చదివే ముఖానికి 1.2 మిల్లీమీటర్ల రక్షణ ఉంది. పేరు రాసే ముఖానికి వార్నిషు పొర తప్ప మరేమీ లేదు. జనం మెరిసే ముఖాన్ని అపురూపంగా పట్టుకుని, అచ్చు ముఖాన్ని బల్లమీద రాచేస్తారు. నిజానికి జాగ్రత్త తలకిందులుగా ఉండాలి. అడుగున పడిన గీతను కొంతవరకు పాలిషుతో తీయవచ్చు. పైన పడిన గీత అల్యూమినియాన్ని లేపితే ఆ భాగంలో పాట లేనట్లే.

తుడిచే దిశ మరీ ముఖ్యం. లక్క రికార్డును గుండ్రంగా తుడిచిన చేయి సీడీనీ గుండ్రంగానే తుడుస్తుంది. ఈ అలవాటే ఎక్కువ హాని చేసింది. సీడీలోని సమాచారం మధ్యనుంచి అంచుకు సర్పిలాకారంలో సాగుతుంది. దానిలో దోషసవరణ ఏర్పాటు ఉంది. సర్పిలానికి అడ్డంగా పడిన సన్నని గీత ఒక్కొక్క చుట్టులో రవ్వంత సమాచారాన్ని మాత్రమే చెరుపుతుంది గనుక యంత్రం దాన్ని పూరించుకుంటుంది. పూరించగల హద్దు సర్పిలం వెంట సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. గుండ్రంగా పడిన గీత ఆ హద్దును సునాయాసంగా దాటుతుంది. అందువల్ల మధ్యనుంచి అంచుకు, సైకిలు చక్రపు ఊచల్లా సరళరేఖల్లో తుడవాలి. లక్కకు విషమైన మద్యసారం ఇక్కడ మందు. మొండి జిడ్డుకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడవచ్చు. అసిటోను మాత్రం పాలీకార్బొనేటును తినేస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ కోసం ఫ్రెడ్ బయర్స్ 2003లో రూపొందించిన మార్గదర్శిలోని సూచనలూ ఇవే. కాకినాడ కాజా పాకం అంటిన వేళ్ళతో ఫలకాన్ని పట్టుకుంటే ఏం చేయాలో ఆ మార్గదర్శిలో లేదు గానీ, సమాధానం సులభమే: ముందు నీటితో పాకం కరిగించి, ఆరాక పొడిగుడ్డతో ఊచల దిశలో తుడవాలి.

లక్క రికార్డు పగిలినా పలుకుతుందని చెప్పుకున్నాం. సీడీలో మధ్యరంధ్రం దగ్గర ఉండే విషయసూచిక చెడితే తక్కిన ఫలకం శుభ్రంగా ఉన్నా యంత్రం దాన్ని గుర్తించదు. 240 పద్యాలు ఒక్కసారిగా మూగబోతాయి.

6. తీరం, ఎండ, యంత్రం

పైన పేర్కొన్న మార్గదర్శి సీడీల నిల్వకు 20 డిగ్రీలు మించని ఉష్ణోగ్రత, 20 నుంచి 50 శాతం మధ్య తేమ సూచిస్తుంది. కాకినాడలో ఏ నెలలోనూ సహజంగా ఈ రెండూ కలిసి దొరకవు. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. ఉప్పాడ రోడ్డు మీద సముద్రపు తుంపర నేరుగా బండిమీద పడుతుంది. వార్నిషు లేచిన చోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తుప్పుపట్టి సూదిమొనంత రంధ్రాలు పడతాయి. ఫలకాన్ని దీపానికి ఎదురుగా పట్టి చూస్తే అవి చుక్కల్లా కనిపిస్తాయి. కర్మాగారంలో అచ్చయిన ఫలకాలకూ మినహాయింపు లేదు. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో 1988–93 మధ్య అచ్చయిన సీడీల్లో కొన్ని అంచునుంచి కంచురంగుకు తిరిగి పాడయ్యాయి.

ప్లేయరు సంగతి వేరు. ఇంటి యంత్రంలో ఫలకం పళ్ళెంలో పడుకుంటుంది. కారు యంత్రంలో సన్నని చీలిక గుండా రబ్బరు రోలర్లు దాన్ని లోపలికి లాక్కుంటాయి. ఇసుక రేణువు ఒకటి ఫలకానికి అంటుకుని లోపలికి వెళితే, అది ఆ తరువాత వేసే ప్రతి ఫలకాన్నీ గీస్తుంది. ప్లేయరు ఫలకాలను గీస్తోందన్న ఫిర్యాదులో నిజం ఉండవచ్చు గానీ, ఆ ఇసుకను లోపలికి తీసుకెళ్ళేది సాధారణంగా ఫలకమే. కాగితపు చీటీ అంటించిన ఫలకాన్ని కారు యంత్రంలో వేయరాదు. వేడికి జిగురు కరిగి చీటీ రోలర్లకు చుట్టుకుంటుంది. ఎనిమిది సెంటీమీటర్ల చిన్న సీడీ వేస్తే తిరిగి రాదు. శ్రావణ భాద్రపదాల్లో ఏసీతో చల్లబడిన యంత్రానికి బయటి తడిగాలి తగిలితే లెన్సుమీద మంచు పడుతుంది. ఫలకం బాగానే ఉన్నా తెరమీద దోషసూచన వస్తుంది. అప్పుడు చేయవలసింది ఫలకం తీసి అరగంట ఆగడం. కుంచెలు అమర్చిన లెన్సు శుభ్రపరిచే ఫలకాలను మాటిమాటికీ వాడితే సున్నితమైన లెన్సు ఊయల దెబ్బతింటుంది.

కుదుపుల సమస్యను యంత్రమే చాలావరకు పరిష్కరించుకుంది. స్ప్రింగుల మీద వేలాడే చదువరి భాగం, ముందుగా చదివి జ్ఞాపకంలో దాచుకునే ఏర్పాటు వచ్చాక గోదావరి జిల్లాల రోడ్ల మీద కూడా పద్యం తెగకుండా సాగింది. కొత్త యంత్రాన్ని బిగించేటప్పుడు రవాణాకోసం వేసిన మరలను తీయడం మరిచిపోతే మాత్రం ఆ స్ప్రింగులు ఉండీ లేనట్లే.

7. రాసుకున్న ఫలకం

ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలన్నీ అచ్చు సీడీకి చాలావరకు సరిపోతాయి. ఇంట్లోనో, దుకాణంలోనో రాయించుకున్న సీడీ వేరే జాతి. అందులో గుంటలు ఉండవు. సేంద్రియ రంగు పొర ఉంటుంది. లేజరు వేడితో ఆ రంగును మార్చి సమాచారం రాస్తారు. వేడితో రాసిన రాత వేడికీ, వెలుతురుకూ చెరుగుతుంది. అడుగు నీలిఛాయలో ఉందా, లేత బంగారుఛాయలో ఉందా అన్నదాన్ని బట్టి రంగు రకాన్ని కొంత ఊహించవచ్చు గానీ, ఏ రకమూ వేసవి డ్యాష్‌బోర్డుకు ఉద్దేశించినది కాదు. ద్రావకాలతో చేసిన సిరా గల మార్కరు వార్నిషును నానబెట్టే ప్రమాదమూ ఉంది. రాయక తప్పకపోతే నీటి సిరాతో మధ్యరంధ్రం చుట్టూ ఉన్న పారదర్శకమైన వలయం మీదే రాయాలి.

సినిమా పాటల విషయంలో ఈ నష్టం పెద్దది కాదు. మాతృకలు కంపెనీల దగ్గర ఉంటాయి. స్థానిక పరిషత్తు పోటీల్లో పాడిన పద్యాలు, దేవాలయ ఉత్సవాల్లో చెప్పిన హరికథలు, ఆయా కుటుంబాలు టేపు మీద పట్టుకున్న గాయకుల గొంతులు అటువంటివి కావు. వాటికి కంపెనీ లేదు, కేటలాగు సంఖ్య లేదు. టేపు పాతబడుతోందని సీడీకి ఎక్కించి, 'భద్రపరిచాం' అనుకుని టేపును పారవేసిన చోట ఆ సీడీయే ఏకైక ప్రతి అవుతుంది. ప్రయాణంలో వినడానికి అది కారులో చేరుతుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను వంటి ఉపద్రవంలో ఏం పోయిందో జనానికి గుర్తుంటుంది; కారులో రెండు వేసవులు గడిపిన ఫలకం ఎప్పుడు మూగబోయిందో ఎవరూ చెప్పలేరు. అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం తన మార్గదర్శకాల్లో రాసుకునే సీడీని శాశ్వత భద్రతకు నమ్మదగినది కాదని చెప్పడానికి కారణం ఇదే. కుదించని ధ్వనిని కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల నాణ్యతతో ముద్రించాలని కూడా ఆ మార్గదర్శకాలు చెబుతాయి.

కాబట్టి క్షేత్రపర్యటనకు వెళ్ళిన పరిశోధకుడు నటుని ఇంట్లో బీరువాతో పాటు కారు తలుపు అర కూడా చూడాలి. దొరికిన ఫలకాన్ని అక్కడి కారు యంత్రంలో వేసి చూడకుండా, ఊచల దిశలో తుడిచి, కంప్యూటరులో నెమ్మది వేగంతో చదివించి పూర్తి ప్రతి తీసుకోవాలి. ఒక యంత్రం చదవలేని ఫలకాన్ని మరో యంత్రం చదవవచ్చు. మూడు నాలుగు యంత్రాలు ప్రయత్నించాకే ఆశ వదులుకోవాలి. మూల టేపు ఇంకా ఉందా అని అడగాలి; ఉంటే సీడీని పక్కనపెట్టి టేపునుంచే కొత్త ప్రతి తీయాలి. ఎవరు పాడారు, ఏ ఊళ్ళో, హార్మోనియం ఎవరిది, ఏ శ్రుతి, ఎవరి టేపు, ఎవరు ఎక్కించారు అన్న వివరాలు ఇంటివారు చెప్పగా అప్పుడే రాసుకుని, ధ్వనితో పాటు అదే పేరుతో దాచి, ఒక ప్రతి ఆ ఇంటికే తిరిగి ఇవ్వాలి. పాత ఫలకాన్ని మాత్రం మళ్ళీ కారులో పెట్టవద్దని చెప్పి రావాలి.